మూడో పిలుపు

మందస కొండల్లోకి పోయే బండిరోడ్డు మీద పది పన్నెండుమంది మగాళ్లు నోళ్లకి తుండుగుడ్డలు బిగించుకుని, పారలు పట్టుకుని ఊరికే నిలబడి ఉండడం నేను చూశాను. ఇన్నేళ్లయినా ఆ గుడ్డలు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. భయం కూడా వేస్తుంది, అబద్ధమెందుకు.

నా పెనిమిటి నౌపడా ఉప్పు బండికెత్తుకుని కొండ మీది సంతలకి తోలేవాడు. వానల్లో ఆ రోడ్డుని నమ్మడానికి లేదు. అందుకని రోడ్డు మేస్త్రీ కొండ కింద దారికి అడ్డంగా వెదురు కట్టించేవాడు. పక్కనే కొండ మీదనుంచి పారే గెడ్డలో నీరు తేటపడితేగాని బండిని కదలనిచ్చేవాడు కాదు. ఆ ఉదయం వాన తెరిపిచ్చింది, నీరూ తేటగానే ఉంది. వెదురు తీసి ఒక్క బండిని పైకి వదిలారు. అది మాది.

ఎండెక్కే వేళకి మా ఇంటి ముందు గెడ్డ మోత ఆగిపోయింది. వెళ్లి చూద్దును కదా, నీళ్లు లేవు. రాళ్ల మధ్య చిన్న చేపలు కొట్టుకుంటున్నాయి. ఒక్క కాకి కూడా అరవడం లేదు. పైన కొండ జారి గెడ్డకి అడ్డం పడిందని అర్థమైంది. పొయ్యి మీద గంజి అలాగే వదిలేసి పరుగెత్తాను.

రోడ్డు ఉన్నచోట ఎర్రమట్టి గుట్ట ఉంది. దాని మీద పొగమంచు కమ్ముకుని ఉంది. దాని ముందు గుడ్డలు కట్టుకుని ఈ మగాళ్లు. ఎవరూ తవ్వడం లేదు.

"సూత్తా నిలబడ్డారేటి మావా?" అన్నాను మేస్త్రీతో.

ఆయన గుడ్డ కాస్త కిందికి లాగి గొణిగాడు. "లోపల్నించి పిలుపొచ్చింది అమ్మీ. రెండుసార్లు. వరసగా మూడోసారి పిలిత్తే మనిషి. నేదంటే అది కొండ. దానికి పలికినోడిని లోపలికి లాక్కుపోద్ది. పార ఏసినా పలికినట్టే. పొరపాట్న పలక్కుండా ఈ గుడ్డలు."

నేనూ ఆ మాట వింటూ పెరిగినదాన్నే. అడవిలో ఎవరు పిలిచినా మూడోసారికిగాని పలికేదాన్ని కాదు. కానీ ఆ మట్టిలో ఉన్నది నా మొగుడు.

అప్పుడు వినిపించింది. నా కాళ్ల దగ్గరి బండ కిందనుంచి, సన్నగా, "ఓయ్" అని.

మేస్త్రీ అవతలున్న గట్టు వైపు చెయ్యి చూపాడు. "ఇందాకా ఆ గట్టు కాడ పిలిసింది. ఇప్పుడు ఇక్కడ. మనిషైతే మట్టిలో నడుత్తాడేటి?"

ఆయన నా నోరు మూయబోయాడు. ఆ చెయ్యి కొరికేసి, "ఓయ్" అని పలికాను.

లోపల్నించి మళ్లీ "ఓయ్" అంది. నేను పలికాను. అది పలికింది. అది మా ఆయన గొంతులా లేదు. మట్టి కింద ఎవరి గొంతైనా ఇంతేలే అనుకున్నాను. ఊరుకుంటే ఆగిపోతాడేమోనని, గంజి పొయ్యి మీదే ఉందనీ, ఇంటికి రాగానే పోస్తాననీ, నోటికేదొస్తే అది చెప్పాను. నన్ను ఏ కొండా లాక్కుపోకపోవడం చూసి ఒక్కొక్కరే గుడ్డలు విప్పి పారలు వేశారు.

బోర్లాపడ్డ బండి కిందనుంచి మనిషిని బతికుండగానే లాగారు. చెంగుతో ముఖం మీద మట్టి తుడిచాను. నేను ఎప్పుడూ చూడని మనిషి. పైనుంచి చింతపండు బండి తోలుకుని దిగుతున్నాడట. ఆ సంగతి కిందున్న మాకెవరికీ తెలియదు.

నీళ్లు తాగి మా అందరినీ చూశాడు. "ఇంకొకాయన ఏడీ?" అన్నాడు. "గట్టు కాడున్నాడు. నాకంటే ముందే పిలిసినాడు. రెండుసార్లు పిలిసి, ఎవులూ పలకనేదని ఊరుకున్నాడు."

గట్టు దగ్గరికి పరుగెత్తి చేతులతోనే తవ్వాం. మా ఆయన మూరెడు లోతులోనే ఉన్నాడు. ఊపిరి ఆగిపోయింది, ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.