ఉప్పునీళ్ల టీచరమ్మ

గోదావరిఖనిల మా పక్క గదిల కిరాయికున్న టీచరమ్మది సముద్రం ఒడ్డు ఊరు. సముద్రపు చేపలు పెంచుతనంటే, పెద్ద తొట్టి బరువుకు గచ్చు పగులుతదని ఇల్లు కిరాయికిచ్చిన ఇంటాయన లొల్లి చేసిండు. అందుకే చిన్న అద్దాల తొట్టి కొని, గోడకు చెమ్మ తగలకుండ బండ మీద పెట్టింది. ఆమె తమ్ముడు రైల్ల సముద్రపు నీళ్లు, చారలున్న చేపలు రెండు తెచ్చిండు. ఆమె రోజూ నీళ్లల్ల వేలు ముంచి నాలుకకు అద్దుకునేది. ఉప్పెక్కితే మంచినీళ్లు కలిపేది.

ఒకనాడు ఆమె బడికి పోంగనే ఉప్పునీళ్లకు ఇల్లు ఖరాబైతదని ఇంటాయన తాళం తీసి, చేపలతో సహా నీళ్లన్నీ వాకిట్ల గుమ్మరించిండు. నేను అడ్డంపోతే, "ఇల్లు నాది, నీకెందుకు?" అని కసిరిండు.

సాయంత్రం ఆమె వచ్చి చూసింది.

"ఇల్లు మీదేనండీ. వాటి ప్రాణం కూడా మీదేనా?"

"చేపలకేం ఫికరమ్మా, సంతల బొచ్చెడు దొరుకుతయి" అని ఆయన నవ్విండు.

ఆమె అప్పుడే సామాను సర్దుకొని, ఖాళీ తొట్టి ఒళ్లె పెట్టుకొని రిక్షా ఎక్కింది. ఆ నవ్వు యాదికొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతది.