పదిహేడో ఫారం

నేను పిరికిదాన్ని. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది, లేకపోతే ఇక్కడ రాసేదంతా నేనేదో పెద్ద ధైర్యం చేశానన్నట్టు వినిపిస్తుంది. హాల్‌టికెట్ చేతిలో పట్టుకునే హాల్‌టికెట్ ఎక్కడ పెట్టానని కంగారుపడే రకం నేను. అయితే డిగ్రీ మూడో ఏడులో చేసిన సర్వే ప్రాజెక్టు నాకు పెట్టిన భయం ముందు అవన్నీ దిగదుడుపే.

మాచర్లలో మాకు పురుగుమందుల కొట్టుంది. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తోటలోంచి ఒక ఆకు తెంచి సంచిలో వేసుకొస్తారు. నాన్న ఆ ఆకును అటూ ఇటూ తిరగేసి, ఏ పురుగో చెప్పి, సీసా తీసి బల్ల మీద పెట్టి, "ట్యాంకుకి రెండు మూతలు పొయ్యి" అంటాడు. మా దగ్గర మందుకు కొలత అంటే సీసా మూతే. ఎన్ని ఎమ్మెల్ అని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. సీసాతో వచ్చే కాగితం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట కాబట్టి అందులో తప్పుండొచ్చని నాకెప్పుడూ తోచలేదు.

ఆ ఏడు మా ఎకనామిక్స్ మేడమ్ అందరికీ ఒక పని పెట్టారు. ఏదో ఒక విషయం తీసుకుని, నలభై మందిని ప్రశ్నలడిగి, ఫారాలు నింపి, ఆ వివరాలతో ఇరవై పేజీల వ్యాసం రాయాలి. మా క్లాసులో సగం మంది జెరాక్సు షాపుకి వెళ్ళి పోయినేడు సీనియర్లు ఇచ్చిన ప్రాజెక్టుల్లో పేరు మార్పించుకున్నారు. కొందరు నలభై ఫారాలూ ఇంట్లోనే కూర్చుని తలా రెండు పెన్నులతో నింపేశారు. నేను మాత్రం అట్లాంటిదాన్ని కాదని విర్రవీగాను. నిజం మనుషుల్ని, నిజంగా అడుగుతాను. విషయం కూడా ఇంట్లోదే: మిరప రైతులు, పురుగుమందుల వాడకం. మనుషులు వాళ్ళంతట వాళ్ళే కొట్టుకి వస్తారు, నేను ఎండలో తిరగనక్కర్లేదు.

మిరప తోటలు పూతకొచ్చిన రోజులు. తామర పురుగు అందర్నీ వణికిస్తోంది, కొట్టు నిండా జనం. నేను నాన్న పక్కనే స్టూలు వేసుకుని ఫారాలు ముందు పెట్టుకున్నాను. నాన్న సంబరం అంతా ఇంతా కాదు. "మా అమ్మాయి కాలేజీ పని. కాస్త అడిగినదానికి చెప్పిపో" అని వచ్చిన ప్రతివాణ్ణీ నా ముందు కూర్చోబెట్టాడు. మోతాదు మీకెవరు చెప్తారు? షావుకారు. దేనితో కొలుస్తారు? మూతతో. మందు కొట్టినప్పుడు గానీ, కొట్టాక గానీ ఒంట్లో ఏమైనా ఇబ్బంది కలిగిందా? లేదు. తొమ్మిది రోజుల్లో నలభై ఫారాలు నిండాయి. నలభైలోనూ ఆఖరి ప్రశ్నకు ఒకటే జవాబు.

మేడమ్ నా వ్యాసం మొదటి పేజీని చదవకుండానే కొట్టేశారు. అక్కడ నేను "భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం" అని మొదలుపెట్టాను. ఆరో తరగతి నుంచీ ఏ వ్యాసమైనా అక్కడే మొదలుపెట్టే అలవాటు. "ఇది నువ్వు కనుక్కున్నది కాదు కదా. నువ్వు కనుక్కున్నది చెప్పు" అన్నారు. తరువాత ఫారాలు ఒక్కొక్కటే తిప్పారు. చివరి దాకా తిప్పి, నెమ్మదిగా అడిగారు.

"నలభై మందిలో ఒక్కరికి కూడా తలనొప్పైనా రాలేదా?"

"లేదన్నారు మేడమ్."

"ఎక్కడ కూర్చుని అడిగావు?"

"మా కొట్లో."

"అప్పుడు మీ నాన్నగారు ఎక్కడున్నారు?"

"పక్కనే" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమైంది. చెవులు వేడెక్కిపోయాయి. ఫారాలు ఇంట్లో కూర్చుని నింపిన వాళ్ళకీ నాకూ పెద్ద తేడా లేదు. వాళ్ళ జవాబులు వాళ్ళే రాసుకున్నారు, నేను నలభై మంది చేత రాయించాను.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇవే ఫారాలు పట్టుకుని, ఈ మనుషుల దగ్గరకే, వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ అడగమన్నారు. నలభై మందీ కాకపోయినా పది మందినైనా. వ్యాసంలో ఎవరి పేరూ, ఊరూ ఉండకూడదు, ఫారం నంబరు మాత్రమే రాయాలి. ఎవరేం చెప్పారో ఇంకెవరికీ చెప్పకూడదు. చూసింది, విన్నది, నేను అనుకున్నది ఈ మూడూ కలిపెయ్యకూడదు.

ఇంటికొచ్చి నాన్నతో ఇంకొన్ని వివరాలు కావాలట, ఊళ్ళకి వెళ్ళాలి అన్నాను. "దానికేం, నేనూ వస్తా. నా మొహం చూస్తే అందరూ చెప్తారు" అన్నాడు ఆయన. వద్దంటే ఎందుకంటాడు. మార్కులు తగ్గుతాయని అబద్ధం చెప్పాను. మార్కులనేసరికి ఊరుకున్నాడు.

వెల్దుర్తి బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో మొదటి ఊరికి వెళ్ళాను. నాకు రెండు భయాలు. ఎవరూ ఏమీ చెప్పరేమోనని ఒకటి, చెప్తారేమోనని ఇంకొకటి. రెండోదే పెద్దది. మొదటి ముగ్గురు మళ్ళీ ఏం లేదనే అన్నారు. నాకు హాయిగా ఊపిరాడింది. నాలుగో ఇల్లు పదిహేడో ఫారం మనిషిది. ఆయన మా కొట్టుకి పాత బేరం, వచ్చినప్పుడల్లా నవ్వించి పోతాడు. ఇంట్లో లేడు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని కూర తరుగుతోంది. నేను ఫలానా షావుకారు కూతుర్నని చెప్పగానే కత్తిపీట పక్కకు జరిపింది. ఆఖరి ప్రశ్న చదివాను.

"ఏం లేదన్నాడా? అట్టాగే అంటాడు" అంది ఆమె. "పోయిన నెల చేల్లో కళ్ళు తిరిగి పడిపోతే ఆటోలో ఏసుకొని ఆసుపత్రికి తీసకపోయాం. మూడు రోజులు సెలైన్లు. నోట మాట లేదు. నేను ఇంక లేడనే అనుకున్నా."

ఎక్కువ పోశాడేమో అని మాత్రం అనగలిగాను. తప్పు ఆయనదైతే బాగుండునని నా ఆశ. ఆ ఆశకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"రెండు మూతలంటే రెండు మూతలే పోశాడు. మీ నాయన చెప్పినట్టే" అని ఆమె లేచి, దొడ్లోంచి రెండు ఖాళీ సీసాలు తెచ్చి నా ముందు పెట్టింది. ఒకటి పాత సీసా, ఒకటి కొత్తగా వచ్చిన పెద్ద సీసా. పాతదాని మూత బొటనవేలంత ఉంది. పెద్ద సీసా మూత మా ఇంట్లో ఉగ్గుగిన్నెంత ఉంది. రెండూ మా కొట్లో రోజూ నా కళ్ళ ముందుండే సీసాలే.

ఇంతలో ఆయన వచ్చాడు. నన్నూ, సీసాల్నీ, భార్యనూ చూశాడు. కొట్లో ఉండే నవ్వు మొహాన లేదు. కాసేపు తలగుడ్డ విప్పి చుట్టుకుంటూ కూర్చుని, చివరికి అన్నాడు.

"రాసుకో అమ్మాయ్. పేరు మాత్రం బయటికి రానీయమాక. పైరు మీద పురుగు పడితే మళ్ళా మీ నాయన దగ్గరికేగా రావాల. మీ నాయన మంచోడు, ఆయన మనసు కష్టపెట్టటం నాకిష్టం లేదు."

చెప్పనని మాటిచ్చాను. మొత్తం పది ఇళ్ళకి వెళ్ళాను. ఆ పది మందిలో ఆరుగురు కొట్లో ఒకటి, ఇంట్లో ఒకటి చెప్పారు. తలతిప్పు, వాంతులు, చేతులు మంటలు. ఆసుపత్రి దాకా వెళ్ళింది మాత్రం పదిహేడో నంబరాయన ఒక్కడే.

ఇక రాయడం. నాలుగు రోజులు కాగితం ముందు కూర్చుని చేసిన పనల్లా తప్పించుకోవడమే. "కొందరు రైతులకు స్వల్ప అస్వస్థత కలిగినట్లు తెలుస్తోంది" అని రాశాను. మేడమ్ ఆ వాక్యం చుట్టూ గీత గీసి, కొందరంటే ఎందరు, ఎవరికి తెలుస్తోంది, ఎవరు చెప్పారు అని పక్కన రాశారు. మూడు రోజుల సెలైన్లు స్వల్పమా అని కూడా రాశారు. తిరిగి రాశాను. కొట్టు అని రాశాను గానీ ఎవరి కొట్టో రాయలేదు. అదీ పట్టుకున్నారు. "అడిగింది ఎవరో, ఎక్కడో తెలియకపోతే చదివేవాడు మిగతాది ఎందుకు నమ్మాలి?" అన్నారు. చివరికి ఇలా రాశాను: మొదటిసారి ఈ ప్రశ్నలు మా నాన్నగారి కొట్లో, ఆయన ఎదుట అడిగాను, అది నా పొరపాటు. ఆ కొట్లో చెప్పిన కొలత ప్రకారమే మందు కలిపాడని పదిహేడో నంబరు రైతు భార్య నాతో చెప్పింది. రెండు సీసాల మూతలు నేను చూశాను, వాటి కొలత ఒకటి కాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు జ్వరం వచ్చినంత పనైంది.

నాన్న చదవడనే అనుకున్నాను. మా ఇంట్లో కొత్తగా ఏ పుస్తకం వచ్చినా పసుపు కుంకుమ పెట్టి దేవుడి దగ్గర ఉంచుతారు. బైండింగ్ చేయించిన ప్రాజెక్టు కాపీకీ ఆ మర్యాద జరుగుతుంది, ముందు పేజీలో తల్లిదండ్రులకు కృతజ్ఞతలు చూసి మురిసిపోతారు, అంతే అనుకున్నాను. నాన్న దాన్ని దేవుడి దగ్గర నుంచి తీసుకుని కొట్టుకి పట్టుకుపోయాడు. బేరానికీ బేరానికీ మధ్య కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని ఆయన ఏ పేజీలో ఉన్నాడో చూస్తున్నాను. నా చదువు మానిపిస్తాడని భయం. ఆయన కుంగిపోతాడని భయం. అన్నిటికంటే, ఆ మనిషి ఎవరో కనిపెట్టేస్తాడని భయం.

మూడో రోజు పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"పదిహేడో నంబరు ఎవురు?"

"చెప్పకూడదు నాన్నా."

"నాక్కూడానా?"

"నీకే చెప్పకూడదు" అన్నాను.

నాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇరవై ఏళ్ళ బట్టి చెప్తన్న మాట. ఎవుడో కాళీ కడుపుతో కొట్టి పడిపోతే మూతదా తప్పు?" అన్నాడు. ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. మర్నాటి నుంచి వచ్చిన ప్రతి మనిషినీ ఆయనే అడగడం మొదలుపెట్టాడు. నేను ఫారం చూసి అడిగినట్టు కాదు, బతిమాలుతున్నట్టు అడిగాడు. మందు కొడితే కళ్ళు తిరిగినయ్యా, వాంతులైనయ్యా, ఏమన్నా ఉంటే చెప్పు, నేనేమీ అనుకోను. అందరూ ఒకటే మాట. నీ మందుకు తిరుగు లేదు షావుకారూ, మాకేమైద్ది. ఒక్కొక్కరు అట్లా అంటుంటే నాన్న మొహం కొంచెం కొంచెం తేటపడుతోంది. అది చూస్తుంటే నాకు ఇంకా భయం వేసింది.

వారం తిరక్కుండానే పదిహేడో నంబరాయన వచ్చాడు. సంచిలోంచి ఆకు తీశాడు. నాన్న ఆకు చూసి, ఆయన్నీ అదే ప్రశ్న అడిగాడు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి కళ్ళు తిప్పేసుకున్నాడు.

"దుక్కలా ఉన్నా షావుకారూ. చూడు" అని నవ్వాడు.

నాన్న నా వైపు తిరిగి, "చూశావా" అన్నాడు. నన్ను ఓడించినట్టు కాదు, పెద్ద గండం గడిచినట్టు. నాకు ఏడుపొచ్చింది. నాన్న వెనక్కి తిరిగి బీరువాలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. పెద్ద మూత సీసా. "ట్యాంకుకి రెండు మూతలు" అన్నాడు.

నోరు తెరిస్తే ఇచ్చిన మాట పోతుంది. మూసుకుంటే ఈ మనిషి మళ్ళీ చేల్లో పడతాడు. ఆయన చెయ్యి సీసా మీదకి వెళ్తోంది. ఏం చేస్తున్నానో తెలియకుండానే స్టూలు దిగి, ఆయన కంటే ముందు సీసా లాక్కున్నాను. దాని అట్టపెట్టెలోంచి కాగితం తీసి, అక్షరాలు చీమల్లా ఉంటే ఫోన్ కెమెరాతో పెద్దవి చేసుకుని, గట్టిగా చదవడం మొదలుపెట్టాను. ఆయన ఒక్కడికే కాదు, బల్ల ముందున్న ఆరేడుగురికీ. లీటరు నీళ్ళకి ఎన్ని మిల్లీలీటర్లో, అంతకు మించితే ఏమవుతుందో, ముక్కుకీ నోటికీ ఏం కట్టుకోవాలో. చదవడం అయ్యాక, "ఒక్కో సీసాకి ఒక్కో మూత ఉంటది. మూతతో కొలవొద్దు, ఎవురూ కొలవొద్దు" అన్నాను. బేరగాళ్ళ ఎదుట నాన్న మాటకు ఎదురు మాట్లాడటం మా ఇంటావంటా లేదు.

నాన్న నా దగ్గర్నుంచి సీసా తీసుకున్నాడు. మూత తిప్పి తీసి, అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు తలెత్తకుండా.

ఆ గొంతులో ఉన్నది కోపమో ఇంకేమో నాకు తెలియలేదు, ఆయన మొహం చూసే ధైర్యం లేదు. పదిహేడో నంబరాయన సంచి కింద పెట్టి నా వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మళ్ళీ మొదటి నుంచి చదివాను.