మోకాలి కింది మూట

ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో మేముండే ఇంటి కింది వాటాలోంచి పొద్దున్నే వావిలాకు ఉడుకుతున్న వాసన పైకి వస్తుంది. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి నా వేళ్ళు ఇంకా వంగని ఆ గంటలో ఆ వాసన తగిలితే నాకు ముందు కోపం వస్తుంది, తర్వాత ఆకలేస్తుంది. కోపం ఎందుకంటే అది నన్ను మళ్ళీ పదేళ్ళ పిల్లను చేసి నులక మంచం మీద పడుకోబెడుతుంది. ఆకలి ఎందుకంటే ఆ మంచానికి నాలుగడుగుల దూరంలోనే మా అమ్మ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చేది. కింది వాటావాళ్ళ అత్తగారికి మోకాళ్ళ నొప్పులట, కోడలు రోజూ ఆకు ఉడకబెట్టి కాళ్ళ మీద పోస్తుంది. వేడినీళ్ళు మంచివే, పొద్దున్నే నేనూ బకెట్లో చేతులు ముంచుకుని కూర్చుంటాను, కాదనను.

మా ఊరు ములకలపల్లి పక్కన, అడవి అంచున. మాఘం దాటి ఎండ కాస్త ముదిరేసరికి అడవంతా ఇప్పపువ్వు వాసనతో మత్తుగా ఉండేది. తెల్లవారకముందే రాలిన పువ్వు ఏరడానికి ఆడవాళ్ళు వెదురుగంపలతో బయలుదేరేవాళ్ళు. తర్వాత బీడీలు చుట్టే తునికాకు కోత, కోసుకొచ్చిన ఆకును అరుగు మీద గుట్టగా పోసి, చిన్నాపెద్దా అందరూ చుట్టూ కూర్చుని, నార కొసను పళ్ళతో పట్టి లాగుతూ కట్టలు కట్టడం, ఆ పసరుకు వారం రోజులు వేళ్ళు నల్లగా ఉండడం, మధ్యమధ్యలో ఎవరో తెచ్చిన తునికిపండ్లు గింజలు ఊస్తూ తినడం. శ్రీరామనవమికి భద్రాచలం పోయొచ్చినవాళ్ళు ఇంటింటికీ తలంబ్రాలు పంచేవాళ్ళు. పండగ రోజు మా ఇంట్లో మిరియాలు దంచి పోసిన పానకం గొంతు మండించేది, వడపప్పు తింటే గాని చల్లారేది కాదు. వాన పడితే పుట్టగొడుగుల కూర, వెదురు కొమ్ముల కూర. తొక్కుడుబిళ్ళలో నన్ను ఓడించిన పిల్ల మా వాడలో లేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు, అప్పటి వాళ్ళెవరైనా ఉంటే అడగండి.

ఐదో తరగతిలో ఉండగా, వానలు మొదలైన కొత్తలో ఒక పొద్దున లేచేసరికి కుడి మోకాలు ఉబ్బి ఉంది. వారం తిరిగేలోపు రెండోదీ ఉబ్బింది, ఆ వెనకే మణికట్లు. పొద్దున కీళ్ళన్నీ కర్రల్లా బిగుసుకుపోయి పక్కకు ఒత్తిగిలడం కూడా కష్టమయ్యేది, మధ్యాహ్నానికి కొద్దిగా సడలేవి. అదే నా కొంప ముంచింది. పొద్దున నడవలేని పిల్ల సాయంత్రం అరుగు దిగి ఆడుకుంటుంటే ఎవరు నమ్ముతారు?

"బడి ఎగ్గొట్టనీకి ఏషాలేస్తుంది" అన్నాడు నాయన.

జ్వరం పట్టుకుని కూడు మానేశాక నమ్మారు. నమ్మాక వైద్యం మొదలైంది, నమ్మకపోయినా బాగుండేదనిపించింది. జిల్లేడాకులకు ఆముదం రాసి సెగ చూపించి కట్టారు. ఉప్పు మూటలు కాచి ఒత్తారు. అవి హాయిగానే ఉండేవి. ఆ తర్వాత పక్క ఊరి నుంచి వాతలు పెట్టే పెద్దమనిషి వచ్చాడు. నాయన చేతులు పట్టుకుంటే, చిన్నాయన కాళ్ళు పట్టుకుంటే, పసుపు కొమ్ము నిప్పులో కాల్చి రెండు మోకాళ్ళకూ మూడేసి వాతలు పెట్టాడు. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఆయన వాకిలి దాటుతుంటే నేను తిట్టిన తిట్టును మా అమ్మ ముసలితనంలో కూడా తలుచుకుని నవ్వేది. పదేళ్ళ పిల్లకు ఆ మాట ఎక్కడ దొరికిందా అని ఆమె ఆశ్చర్యం.

వాతల కంటే నాకు ఎక్కువ చెడు చేసింది ప్రేమ. వాతం పట్టిన కీలు కదిలిస్తే ఒళ్ళంతా పాకుతుందని మా ఊళ్ళో అందరి నమ్మకం. అందుకని నన్ను మంచం దిగనివ్వలేదు. మోకాళ్ళు కాస్త వంచుకుని పడుకుంటే నొప్పి తగ్గినట్టు ఉండేది, అది చూసి అమ్మ తన పాత చీరలు రెండు మూటకట్టి మోకాళ్ళ కింద పెట్టింది. మెత్తగా, గంజి వాసనతో ఉండేది ఆ మూట. వానాకాలమంతా, చలికాలమంతా అది నా మోకాళ్ళ కిందే ఉంది. బయట పిల్లలు ఒంటికాలి మీద గెంతుతూ బిళ్ళ తన్నే చప్పుడు వింటూ, ఎవరు గీత తొక్కారో శబ్దాన్ని బట్టి చెప్పగలిగేదాన్ని. ఇప్పపువ్వు రాలేనాటికి లేచి నిలబడదామని చూస్తే మోకాళ్ళు చాపుకోలేదు. వంగినవి వంగినట్టే ఉండిపోయాయి.

పెద్దబడి ములకలపల్లిలో, వాగు దాటి రెండు మైళ్ళు. నా కాళ్ళు చూసి నాయన తేల్చేశాడు. "ఇగ ఆరో తరగతి లేదు ఏం లేదు. గిట్ల వంకర కాళ్ళతోని వాగు దాటి ఎట్ల పోతది? ఇంట్లనే ఉంటది." ఆ మాటకు ఏడ్చినంత నేను వాతలకు కూడా ఏడవలేదు. చదువంటే అంత ప్రేమ ఉందని కాదు, ఆ మంచం మీదే నా బతుకంతా గడిచిపోతుందని అర్థమై ఏడ్చాను.

ఊళ్ళోకి సూదులు వేయడానికి నెలకోసారి వచ్చే నర్సమ్మ ఆ నెల మా ఇంట్లో మంచినీళ్ళు అడిగింది. నన్ను చూసింది, దుప్పటి తీసింది, మూట లాగి అవతల పారేసింది.

"ఎవరు పెట్టిన్రు ఇది?"

"నేనే పెట్టిన. నొస్తుందని..." అంది అమ్మ.

"నొప్పి తక్కువైతదమ్మా, కాలు మాత్రం గట్లనే పట్టుకపోతది. ఇది వాతం గీతం కాదు, కీలు లోపల వాపు. ఖమ్మం పెద్ద దవాఖానాకు తీస్కపోండి, గోళీలిస్తరు. కీలు ఎర్రగ కాలుతున్నప్పుడు జోలికి పోకున్రి. వాపు దిగినంక రోజూ చాపాలె, నడవాలె. నీళ్ళల్ల నడిస్తే బరువు తెల్వదు."

అమ్మ ఆ చీరల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. నాకు ఆమె మీద కోపం రాలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ రాలేదు.

నాయన ఖమ్మం తీసుకుపోయి గోళీలు ఇప్పించాడు. వాపు దిగింది. నీళ్ళలో నడిపించే పని మాత్రం ఎవరూ మీద వేసుకోలేదు, వాతానికి చన్నీళ్ళు తగిలితే మనిషి దక్కదని భయం. అప్పుడు మా నాయనమ్మ బుచ్చమ్మ కొంగు దోపుకుని లేచింది. రోజూ మిట్టమధ్యాహ్నం, ఇసుక కాలి వాగు నీళ్ళు గోరువెచ్చగా అయ్యే వేళకు నన్ను చంకన వేసుకుని పోయి తొడల లోతులో దింపేది. పాదాల కింద ఇసుక మెత్తగా జారేది, చిన్న చేపలు పిక్కలు పొడిచేవి, గట్టు మీది మద్దిచెట్టు నీడ నీళ్ళ దాకా అందేది కాదు. చాపిన ప్రతిసారీ మోకాలి వెనక నరం తెగుతున్నంత నొప్పి. నేను అరిచేదాన్ని, ఆమెను కొరికేదాన్ని.

"కొరుకు, కొరుక్కుంటనే నడువు" అనేది.

తునికాకు మోపులతో అటు పోయే ఆడవాళ్ళు ఆగి తిట్టేవాళ్ళు. "ముసల్దానివి, నీకు మతి పోయిందా? పిల్లను సంపుతవా ఏంది?"

"మంచంల పెట్టి సూసినం గద, ఏమొచ్చింది? నా మనుమరాలు, నా ఇష్టం. మీ ఆకు మీరు సూస్కోన్రి" అనేది, నా చెయ్యి వదలకుండానే.

బడులు తెరిచే రోజుకు మోకాళ్ళు పూర్తిగా చాపుకోలేదు, కానీ నన్ను మోసేటంత చాపుకున్నాయి. నాయన సరేననలేదు. నేను అడగలేదు. నాయనమ్మ సంచి పట్టుకుంది, నేను నడిచాను. నాలుగుచోట్ల కూర్చున్నాను. వెనక దూరంగా నాయన వస్తున్నాడని తెలుసు, తిరిగి చూడలేదు. ప్రార్థన అయిపోయాక చేరాం.

"ఇంత ఆలస్యంగానా?" అన్నాడు హెడ్మాస్టరు.

"కాళ్ళు నొస్తున్నయ్ సార్. అయినా వచ్చిన" అన్నాను.

నాయన ముందుకొచ్చి నన్ను బడిలో చేర్చే కాగితం మీద వేలిముద్ర వేశాడు.

జబ్బు పోలేదు. నలభై ఏళ్ళుగా నాతోనే ఉంది, నేను దానికి వంట చేసి పెట్టడం లేదు, అంతే. వారానికోసారి మాత్ర, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, పొద్దున వేడినీళ్ళు, తర్వాత మంచం మీదే కాళ్ళు చాపి ముడిచే కసరత్తు. వాపున్న రోజు పని తగ్గించుకుంటాను, బాగున్న రోజు అత్యాశకు పోను. ఈ లెక్క నేర్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది. పై అంతస్తులో ఎందుకమ్మా అంటారు, ఉద్యోగం మానేసి కూర్చోరాదా అంటారు. కూర్చోమన్నా కూర్చోను.

మొన్నీమధ్య ఊరికి పోతే వాగులో ఇసుక లేదు, లారీలు ఎత్తుకుపోయాక గుంతలు మిగిలాయి. తునికాకు కట్టలు కట్టే అరుగులు లేవు. వాతలు పెట్టేవాళ్ళు లేరు, వాళ్ళు లేనందుకు నాకేం బాధ లేదు. ఎనభై దాటిన మా మేనత్త ఒక్కతే ఉంది, నాయనమ్మ కూతురు. నా వంకర వేళ్ళు తన చేతిలోకి తీసుకుని చూసింది.

"అచ్చం మా అమ్మయే" అంది. "గిట్లనే ఉండె వేళ్ళు. నిన్ను వాగుల నడిపించొచ్చి కొట్టంల పండుకొని ఏడ్సేది, మోకాళ్ళు గింత లావు. ఎవ్వరికి చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుంది. తెలిస్తే మీ నాయన నిన్ను వాగుకు పోనియ్యడని."

చంకన నన్ను ఎత్తుకున్న మనిషి ఆమె. నేను కొరికింది ఆ చేతినే. నొప్పి నాకొక్కదానికే ఉందనుకుని ఆ వేసవంతా ఆమెను సాధించాను. ఆమెకు ఎవరూ జిల్లేడాకు కట్టలేదు, ఎవరూ ఖమ్మం తీసుకుపోలేదు, ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళలో ఎంతమంది డాక్టర్లు మారినా అందరూ ఒకే ప్రశ్న వేశారు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. లేదు, లేదు, లేదు అని ప్రతి చోటా చెప్పుకుంటూ వచ్చాను.

పోయిన వారం పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మను నా కాగితాలు తీయమన్నాను. ఇంట్లో ఎవరికీ లేదని రాసి ఉన్నచోట కొట్టేసి, మా నాయనమ్మకు ఉందని రాయమన్నాను. అంత పాత విషయం ఇప్పుడు మందులో మార్పేమీ తేదమ్మా అంది ఆవిడ, నవ్వుతూనే. బయట ఇరవై మంది ఎదురుచూస్తున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"రాయండి. బుచ్చమ్మ. పేరుతో సహా రాయండి."

రాసింది. అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు లేచాను.