నాగవేణి రాసిన నాలుగు పేజీలు

గద్వాలలో చీరలు నేసే నాగవేణి, డిగ్రీ ఉంటే కాళ్లు దింపి కూర్చొని నేసే మగ్గం గుంతలోంచి బయటపడి ఏదైనా ఉద్యోగం చూసుకోవచ్చని ముప్పై ఎనిమిదో ఏట దూరవిద్యలో బి.ఏ. చేరింది. 2006లో ఆఖరి పరీక్షలో ‘చేనేత కార్మికుల సమస్యలు వివరింపుము’ అని ప్రశ్న వచ్చింది. మోకాళ్ల నొప్పి, మసకబారే చూపు, వానాకాలం గుంతలో ఊరే నీళ్లు... తెలిసిందంతా నాలుగు పేజీలు రాసింది. తప్పింది.

“మగ్గం నేసేటిదానివి, మగ్గం మీదనే ఫేలైనవా?” అని పెనిమిటి శేఖర్ పడీపడీ నవ్వాడు.

మరుసటేడూ అదే ప్రశ్న. ఈసారి పుస్తకంలోని ముడిసరుకు కొరత, మార్కెట్ సౌకర్యాల లేమి, సహకార సంఘాల ఆవశ్యకత పొల్లుపోకుండా దించింది. అరవై రెండు మార్కులతో డిగ్రీ గట్టెక్కింది.

“మరి మోకాళ్ల నొప్పి రాయలేదా?” అన్నాడు శేఖర్.

“అది సిలబస్‌ల లేదు” అంటూ మోకాళ్లు పట్టుకొని గుంతలోంచి పైకి లేచింది.