ఏం గీసినా శభాషే

ఆ రోజుల్లో నేను ఒకటో తరగతి. వయసు మాత్రం నలభై ఆరు దాటింది. చిన్ననాటి ముచ్చట్లు చెప్పమంటే అందరూ బళ్ళో చేసిన అల్లరి చెబుతారు. నాకు బడే లేదు గనక ఆ అల్లరీ లేదు. ఆ లోటంతా నడివయసులో, అక్షరాలు దిద్దిన ఏడాదిలో తీరిపోయింది. అందుకే నా చిన్నతనం అనగానే నాకు గుర్తొచ్చేది ఆ ఏడాదే, నిన్నమొన్నటిదైనా సరే.

మలికిపురంలో ఎండుకొబ్బరి కొట్టులో పని మాది, నాదీ మా వదినదీ. (వదినంటే మా ఆయనకి అక్కగారు. ఆవిడ నోటికి కొట్టు యజమాని కూడా జడుస్తాడు. అక్షరమ్ముక్క మాత్రం ఆవిడకీ రాదు.) మా అమ్మాయి అమలాపురంలో ఇంజనీరింగు పూర్తిచేసి, ప్రోగ్రాములు రాసే ఉద్యోగం కోసం ఇంట్లో కూర్చుని రెజ్యూమేలు పంపుతోంది. ఒక్కదానికీ జవాబు రాదు. రోజూ సాయంత్రం ఆ రెజ్యూమే తెరిచి, పేరు కాస్త పెద్దది చేసి, కింద గీత రంగు మార్చి మళ్ళీ పంపేది. ఒక్క కాగితానికి ఇంత సింగారమా అనుకునేదాన్ని. చివరికి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న దాని సీనియరమ్మాయి ఫోనులో కడిగేసింది.

"నీ రెజ్యూమేలో ఉన్న ప్రాజెక్టులు మా ఆఫీసుకొచ్చే ప్రతి రెజ్యూమేలోనూ ఉంటాయే. లైబ్రరీది ఒకటి, బ్యాంకుది ఒకటి. క్లాసంతా కలిసి దింపినవేగా. నీ అంతట నువ్వు చేసింది, ఎవరో ఒకరు నిజంగా వాడేది, ఒక్కటి పెట్టు. లింకు నొక్కితే తెరుచుకోవాలి."

"నేను చేసింది ఎవరు వాడతారక్కా?"

"ఇంట్లో ఎవరికేం కావాలో చూసుకో ముందు."

ఇంట్లో నాకు కావలసింది ఒక్కటే. మా చర్చి స్త్రీల కూటంలో వంతులవారీగా వాక్యం చదువుతారు. నా వంతు వచ్చినప్పుడల్లా కళ్ళజోడు మర్చిపోయేనని తప్పించుకునేదాన్ని. (నాకు కళ్ళజోడే లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు.) మా అమ్మాయి అది ఎరుగును గనక, నా కోసం ఫోనులో ఒక పలక తయారుచేసింది. తెర మీద అక్షరం కనబడి, పేరు పలికి మాయమవుతుంది. మనం వేలితో రాయాలి. సరిగ్గా రాస్తే "శభాష్" అంటుంది, అచ్చం మా అమ్మాయి గొంతుతోనే.

దాని వెనకాల ఏముందో చూపించవే అంటే చూపించింది. కంప్యూటరు నిండా బారులుబారులుగా అక్షరాలు.  నేను దిద్దబోయేవీ అక్షరాలే, మా అమ్మాయి రాసినవీ అక్షరాలే. నావి రాసినచోటే పడి ఉంటాయి. దానివి లేచి మనిషిలా మాట్లాడుతున్నాయి. ఇలాంటి పిల్ల నా కడుపున ఎలా పుట్టిందా అని దాని ముఖం చూస్తూ కూర్చున్నాను. "అమ్మా, నన్ను కాదు, పలక చూడు," అంది.

కాయలు కొట్టి కొట్టి మొద్దుబారిన వేలితో మొదటి అక్షరం గీసేను. శభాష్. రెండోది, శభాష్. వారం తిరిగేసరికి ఒక్క తప్పు లేకుండా అచ్చులూ హల్లులూ దాటేసేను. వదినా చేరింది. ఆవిడకీ అన్నీ శభాషే. "ఇంత తేలికని తెలిస్తే చిన్నప్పుడే చదివేసేదాన్ని కదే," అని కొట్టులో అందరికీ చెప్పుకుంది. అమ్మాయి రెజ్యూమేలో లైబ్రరీ, బ్యాంకు తీసేసి పైన ఆ పలక లింకు పెట్టింది. 'దీనితో ఇద్దరు అక్షరాలు నేర్చుకున్నారు' అని రాసింది. ఇన్నాళ్ళూ పలకని కంపెనీల్లో ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది.

ఇంటర్వ్యూకి ముందురోజే స్త్రీల కూటం. ఆవేళ నా వంతు కాకపోయినా లేచి నిలబడ్డాను. బైబిలు తెరిచి చూద్దును కదా, ఆ అక్షరాలు ఎవరివో. పక్కావిడ 'క' మీద వేలు పెట్టి అందించింది. నా 'క'కీ బైబిల్లో 'క'కీ ఏ చుట్టరికమూ లేదు. పాస్టరమ్మగారు మెల్లిగా, "కళ్ళజోడు తెచ్చుకోలేదా అమ్మా?" అన్నారు. "ఆయ్, మర్చిపోయేనండి," అని కూర్చున్నాను.

ఇంటికొచ్చి, "నా బుర్రలో ఏమీ నిలవట్లేదే," అన్నాను. అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, పలక ఇచ్చి 'క' రాయమంది. రాసేను. శభాష్. "ఇది క కాదమ్మా," అని తను ఒక అడ్డగీత గీసింది. శభాష్. కొబ్బరిచెట్టు బొమ్మ వేసింది. శభాష్. దాని ముఖంలో నెత్తురు లేదు.

"పోనీలే, చెట్టు బాగానే వేసేవుగా," అంది వదిన.

సంగతేమిటంటే, గొంతు వినబడుతోందో లేదో చూడటానికి ఏం గీసినా శభాష్ అనేలా మొదట్లో రాసుకుందట. తరవాత తియ్యడం మర్చిపోయింది. అప్పటికప్పుడు కూర్చుని దిద్దింది. ఇప్పుడు నేనేం రాసినా పలక "మళ్ళీ రాయండి" అంటోంది. వదినకైతే ఎడతెరిపి లేకుండా అదే మాట. "నిన్నటిదాకా బుద్ధిగా ఉండేది. ఏం పెట్టి చెడగొట్టేవే దీన్ని?" అని ఆవిడ అలిగింది. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. అమ్మాయి పంపిన రెజ్యూమేలో ఇద్దరు నేర్చుకున్నారని ఉంది. నేర్చుకున్నవాళ్ళెవరూ లేరు.

"ఆ ముక్క ఎత్తకు. వాళ్ళకెలా తెలుస్తుంది?" అంది వదిన.

"లింకు నొక్కితే తెలుస్తుందత్తా," అని అమ్మాయి ఆ లైను కొట్టేసి, 'ఇద్దరు వాడుతున్నారు. ఒక పెద్ద తప్పు బయటపడింది, దిద్దేను' అని రాసి కొత్తది పంపింది.

మర్నాడు ఇంటర్వ్యూకి కంప్యూటరు తెర మీద ఒక కుర్రాయన కనబడ్డాడు. ఇంకేమీ అడక్కుండా ఆ లైను దగ్గరే ఆగేడు. "ఆ తప్పు ఎలా బయటపడిందండీ?"

"మా అమ్మ చర్చిలో చదవలేకపోయారండి."

ఆయన తెరకి దగ్గరగా జరిగి, "అమ్మగారు ఉన్నారా?" అన్నాడు. తలుపు వెనకనున్న నన్ను వదిన ముందుకి తోసింది.

"వందనాలండి."

"ఇప్పుడు పలక ఏమంటోందండీ?"

"తిడుతోందండి. 'రాయండి' అని మర్యాద ఇచ్చే తిడుతోందండి."

ఆయన నవ్వి, ఒక అక్షరం రాసి చూపించమన్నాడు. 'క' రాసేను. మళ్ళీ రాయండి. రాసేను. మళ్ళీ రాయండి. అమ్మాయి చేతులు ఒళ్ళో ముడుచుకుని నా వేలినే చూస్తోంది. వెనకనుంచి వదిన, "పాత పలకే పెట్టెయ్యవే పిల్లా, నీ ఉద్యోగం పోతాది," అంది. (గుసగుసేననుకుంది. హైదరాబాదు దాకా వినబడింది.) కళ్ళు మూసుకుని, ముందురోజు నాకు లొంగని బైబిల్లో 'క'ని తలుచుకున్నాను. దాని పైనుంచి కిందకి మెల్లిగా వేలు నడిపించేను.

"శభాష్," అంది పలక.

 నోరు తెరవని వదినని నేను చూసింది ఆ ఒక్కసారే. తెర మీద ఆయన కూడా, ఏదో పెద్దపని జరిగినచోట ఉన్నట్టు, నిటారుగా కూర్చున్నాడు.

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నా వంతు వస్తే లేచి, వేలు పెట్టుకుని నిదానంగా చదువుతాను. ఎవరూ ఏమీ అనరు. చదవడం వచ్చినవాళ్ళని ప్రత్యేకంగా ఎవరు మెచ్చుకుంటారు. కానీ గీసిన ప్రతి గీతకీ మెచ్చుకోలు అందుకుని, కాయలు కొడుతూ తనలో తాను నవ్వుకున్న ఆ మనిషి అప్పుడప్పుడు గుర్తొస్తుంది. ఒక్క అక్షరం రాకుండా, తనకి చదువు వచ్చేసిందని అంత హాయిగా నమ్మినదాన్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.