ఒకటి కలపడం మరిచిన రోజు

మా ముత్తాత నిజాం సర్కారు ఖజానా దఫ్తరులో లెక్కలకు పెద్ద. ఆయన పల్లకీ దిగితే గుమస్తాలంతా లేచి నిలబడేవారట. మా తాత జాగీర్దార్ల దేవిడీ భవంతులకు వెళ్లి వాళ్ల పిల్లలకు గణితం చెప్పేవాడు. బగ్గీ వాళ్లే పంపాలి, లేకపోతే గడప దాటేవాడు కాదు. మా నాన్న హెడ్మాస్టరు. ఈ ముగ్గురిలో ఎవరూ చేతిలో కాగితం పట్టుకుని పాఠం చెప్పలేదు. కాగితం చూసి చెప్పడం మా ఇంట్లో గుమస్తా పని కింద లెక్క. పంతులు చూడకూడదు.

జహనుమాలోని మా పాత ఇంట్లో ఇప్పుడు మాకు ముందుభాగమే మిగిలింది. వెనక అపార్ట్‌మెంటు లేచి ఎండను కూడా తీసుకుపోయింది. నేను డిగ్రీ కాలేజీలో గణితం ప్రొఫెసరుగా ఉండేవాణ్ని. సాయంత్రాలు ముందుగదిలో బస్తీ పిల్లలకు ఊరికే చెప్పేవాణ్ని. ఫీజు తీసుకునే అలవాటు మా వంశంలో లేదు.

తెల్లవారగానే వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఆ రోజు పాఠం మొత్తం పైకి చెప్పుకునేవాణ్ని. ఎక్కడ ఆగినా మళ్లీ మొదటి నుంచి. అంతా అయ్యాకే చాయ్. నాన్న పెట్టిన నియమం. చాలా ఏళ్లు నా చాయ్ ఎప్పుడూ చల్లారలేదు. పోయిన ఏడు నుంచి మా ఆవిడ దాన్ని మళ్లీ మళ్లీ వేడి చేయడం మొదలుపెట్టింది.

"మల్లా మొదటికెల్లేనా?" అంది ఒకరోజు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి. "మరిగి మరిగి కషాయమైంది. గిదే తాగుతరా ఇగ?"

"ఒక్క నిమిషం ఆగు."

"చిన్న చీటీ మీద రాసుకొని జేబుల పెట్టుకపోండ్రి. మీ తాత పైనుంచి దిగొచ్చి గుంజుకుంటడా ఏంది?"

నేను వరండా చివరి నుంచి మళ్లీ నడక మొదలుపెట్టాను.

"రాడు లే. ఆడ గూడ ఎవలకో లెక్కలు చెప్తుంటడు, తీరిక ఎక్కడిది!" అంటూ లోపలికి పోయింది.

ప్రిన్సిపాల్ ఒకప్పుడు నా విద్యార్థే. క్లాసులన్నిటిలో ప్రొజెక్టర్లు పెట్టించాడు. "ఒక్క స్లయిడ్ పెట్టుకోండి సార్, మీకే ఆరామ్ ఉంటది" అని ఎన్నోసార్లు అన్నాడు. యంత్రమంటే భయపడే వాణ్ని కాను. లాక్‌డౌన్‌లో బట్టల స్టాండుకు ఫోన్ కట్టి పాఠాలన్నీ నేనే రికార్డు చేశాను. పిల్లలు ఇప్పటికీ అవే చూస్తారు. కానీ కాగితమైనా తెర అయినా, చూసి చెప్పడం చూసి చెప్పడమే. భూములు పోయాయి, పల్లకీ పోయింది, మా ఇంట్లో మిగిలింది ఈ ఒక్కటే. తలలోంచి పాఠం చెప్పగలిగినంత కాలమే నేను క్లాసులో నిలబడాలని నాకు నేను చెప్పుకున్నాను.

ఈ వానాకాలం ఫస్టియర్ క్లాసు. ప్రధాన సంఖ్యలకు అంతు లేదని నిరూపించాలి. నాన్న నాకు వరండాలో నేర్పిన మొట్టమొదటి నిరూపణ అది. అంతు ఉందనే అనుకుందాం అన్నాను. ఉన్నవాటన్నిటినీ గుణిద్దాం అన్నాను. బోర్డు మీద ఆ లబ్ధం రాశాను. తర్వాత ఏం చేయాలో తెలియలేదు.

మరిచిపోవడం అంటే వెతుక్కోవడం అనుకునేవాణ్ని. అక్కడ వెతకడానికి కూడా ఏమీ లేదు. బయట వాన పడుతోంది. సుద్దముక్క బోర్డుకు ఆనించి అలాగే నిలబడ్డాను. వెనక బెంచీల్లోంచి గుసగుస వినిపించింది, ఆగిపోయానని ఒకడు, ఆలోచిస్తున్నానని ఇంకొకడు.

"అరె యార్, సార్ అటక్ గయే."

"చుప్ బే. సోచ్ రహే."

మొదటి బెంచీలో బహదూర్‌పురా నుంచి వచ్చే ఒక అమ్మాయి కూర్చునేది. చాలా మర్యాద తెలిసిన పిల్ల. లేచి నిలబడి, "సార్, మీ వీడియోల ఉంది సార్. మీరే చెప్పిండ్రు" అంటూ ఫోన్ నా వైపు తిప్పింది.

తెరలో నేనే. వెనక మా ముందుగది గోడ. "ఇప్పుడు ఈ లబ్ధానికి ఒకటి కలపండి" అంటున్నాను. "ఏ ప్రధాన సంఖ్యతో భాగించినా ఒకటి మిగిలిపోతుంది చూడండి." ఎక్కడా తడబాటు లేదు. గొంతులో నవ్వు కూడా ఉంది. క్లాసంతా ఆ మనిషి మాట వింటోంది. నేను కూడా వింటున్నాను. ఆయన చెప్పినట్టే బోర్డు మీద ఒకటి కలిపి, నిరూపణ ముగించి, సుద్ద కింద పెట్టాను.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

ప్రిన్సిపాల్‌కు ఎవరు చెప్పారో, మధ్యాహ్నం పిలిచి చాయ్ తెప్పించాడు. "ఫికర్ చేయకండి సార్. మీరు క్లాసుల కూసుంటే చాలు. వీడియో నడుస్తది. డౌట్లొస్తే చెప్పండి." మంచి మనసుతోనే అన్నాడు. నా పాఠం పక్కన నన్ను కాపలా కూర్చోమంటున్నాడని అతనికి తట్టలేదు. చాయ్ తాగకుండానే లేచాను.

మర్నాడు మా ఆవిడ, పొద్దున నేను పైకి చెప్పుకున్న పాఠం విని రాసిన చీటీ ఒకటి నాకు చెప్పకుండా చొక్కా జేబులో పెట్టింది. క్లాసులో మాట ఆగిన చోట చెయ్యి జేబు దాకా పోయింది. వేళ్లకు కాగితం తగిలింది. పిల్లలంతా నా చేతి వైపే చూస్తున్నారు. తియ్యమని వాళ్లు మనసులో కోరుకుంటున్నారని వాళ్ల ముఖాల్లో తెలుస్తోంది. నాకు చేతకాలేదు. "ఈ రోజుకు చాలు" అని బయటికి వచ్చేశాను. ఆ వారమే ముందుగా రిటైర్మెంటు ఇవ్వమని రాసి ఇచ్చాను.

"చీటీ చూస్తే ఏమైతుండె?" అని మా ఆవిడ ఒక్కసారే అడిగింది. ఈసారి ఆమె మాటలో ఎగతాళి లేదు. ఏమవుతుందో నాకూ తెలియదు. మా ఇంట్లో ఎవరూ చూడలేదు కాబట్టి చెప్పేవాళ్లు లేరు.

ఇప్పుడు తెల్లవారితే వరండాలో కూర్చుంటాను. చాయ్ వేళకే వస్తుంది, వేడిగానే ఉంటుంది. సాయంత్రం పిల్లలు వస్తే వీడియో చూసుకోమని పంపేశాను. వాళ్లు రావడం మానేశారు.

దసరా ముందు ముందుగదిలోని టేకు బెంచీలూ నల్లబల్లా చాంద్రాయణగుట్టలో కొత్తగా ట్యూషన్ సెంటర్ పెట్టినాయనకు అమ్మేశాం.