కలుపు ఉన్నంతవరకే

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కళ్ళజోళ్ళ కొట్టు వాడికి ముక్కు మీద ఉండాల్సింది కళ్ళజోడు కదండీ అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. మా అత్తయ్య మా ఇంట్లో అడుగుపెట్టిన రోజున మాత్రం ఆ కోపమంతా ఒక పువ్వు మీద ఉంది.

ముందు కొట్టు, వెనక ఇల్లు మాది. కొట్టులో గోడ పక్కన ఉప్పునీళ్ళ అక్వేరియం ఒకటి పెట్టుకున్నాను. అందులో చేపలకన్నా నాకు పగడాలంటే ప్రాణం. మధ్యలో ఆకుపచ్చ పగడం ఒకటుంది. పొద్దున దీపం వెయ్యగానే నిద్ర లేచిన పసిపిల్లవాడి గుప్పిటలా మెల్లగా విచ్చుకుంటుంది. దాన్ని చూస్తూ కూర్చున్నవాళ్ళు తమ అద్దాలు ఎప్పుడు బిగిస్తావని అడగడం కూడా మర్చిపోతారు.

ఆ తొట్టెలోకి నేను కొన్న రాయి మీద ఎక్కి ఒక అనిమోన్, అదే పువ్వులా కనిపించే సముద్రపు జీవి, వచ్చింది. గాజు కాడలాంటి ఒళ్ళు, పైన వెంట్రుకల్లాంటి రేకలు. పోనీలే, పిలవని చుట్టమైనా అందంగా ఉందనుకున్నాను. అందం మండిపోనూ! చూడ్డానికి పువ్వు, చేసేది కలుపు పని. ఆ రేకలతో పక్కనున్న పగడాన్ని కుడుతుంది, అది ముడుచుకోగానే ఆ చోటు ఆక్రమిస్తుంది. నేను బ్లేడు తీసుకుని గీకేశాను. గీకిన ప్రతి ముక్కా మళ్ళీ మొలిచింది. రక్తబీజుడి సంతానం అనుకోండి. చివరికి నా పగడం చుట్టూ ఆ కలుపు కంచె కట్టేసింది, పగడం విచ్చుకోవడం మానేసింది. నేను అన్నం సయించక తిరుగుతుంటే చూడలేక మా ఆవిడ వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

అత్తయ్య బస్సు దిగి వచ్చారు. చంకలో తువ్వాలు చుట్టిన సీసా, చేతిలో సంచి, ఆ సంచిలో మడతపెట్టిన నీలం దుప్పటి. ఆవిడ జీవితమంతా ఆ దుప్పటితోనే నడిచింది. ఆవిడ మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ దగ్గరే ఉండి చూసుకునే ఆయా. మామయ్య పోయాక కూతుర్ని ఆ పనితోనే పెంచారు. ఎవరింట్లో ఉన్నా రోగి మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకోవడం, రోగి లేచి నడిచిన రోజున అది మడతపెట్టి సంచిలో పెట్టుకోవడం. ఉండమని ఎంత బతిమాలినా ఉండేవారు కాదు. పని అయ్యాక ఇంకో పూట కూడా ఆగని మనిషి.

వచ్చేసరికి నా బొటనవేలు నెత్తురోడుతోంది, బ్లేడు చలవే.

"ఇదేంటి బాబూ, పువ్వులతో కుస్తీ పట్టారా?" అంటూ సీసా కింద పెట్టి, నా చెయ్యి లాక్కున్నారు. గుడ్డపీలిక చుట్టి, దారంతో ముడి వేశారు. గాయం మీదికి రాకుండా పక్కకి తెచ్చి, పల్చగా నొక్కిన ముడి. అలాంటి ముడి నేనెక్కడా చూడలేదు. రోజంతా పని చేసుకున్నా జారలేదు, ఒత్తుకోనూ లేదు.

సీసాలో చూస్తే నాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు. భూతద్దం తెచ్చుకున్నాక తెలిసింది. గోరంత నత్తలు, అదీ చిప్ప లేని నత్తలు, వీపు నిండా మెత్తని పీచు.

"ఈ గోరంతవా అత్తయ్యా, ఆ రాక్షసుల్ని తినేది?"

"తినడమే కాదు బాబూ, అది తప్ప ఇంకేదీ తినవు. కలుపు లేకపోతే పస్తులుండి చచ్చిపోతాయి గానీ ఇంకోటి ముట్టవు. మహా పట్టుదల."

ఆవిడ చూసుకున్న ఆఖరి రోగి ఒకప్పుడు ఓడలో వంట చేసిన పెద్దాయన. ఆయన మంచం ఎదురుగా ఇలాంటి తొట్టే ఉండేదట. పడుకుని ఆయన చెబుతుంటే ఈవిడ చేసేవారు. ఆయన పోయాక తొట్టె ఎవరికో అమ్మేశారు. మీకేం కావాలని అడిగితే ఈవిడ ఈ సీసా చాలన్నారు. అప్పట్నుంచీ ఎవరి తొట్టెలో కలుపు పడితే వాళ్ళకి ఇస్తూ, అయిపోగానే వెనక్కి తెచ్చుకుంటూ వాటిని బతికించుకుంటున్నారు. కొట్టుకొచ్చే పిల్లలకి ఈ సంగతి తెలిసి ఆవిడకి 'నత్తత్త' అని పేరు పెట్టేశారు. ఆవిడేమో పిలిచినప్పుడల్లా పలికేవారు.

నత్తల్ని తినే చారల చేపని వేరే తొట్టెలోకి మార్చాం. నీళ్ళ మోటారు నోటికి పల్చని నైలాన్ గుడ్డ చుట్టాం, లేకపోతే నత్తల్ని లోపలికి లాగేస్తుందట. ఆ తర్వాత అత్తయ్య పొడుగాటి గొట్టంతో ఒక్కో నత్తనీ రాళ్ళ మొదట్లో వదిలారు. అవి మమ్మల్ని లెక్కచెయ్యకుండా రాళ్ళ కిందకి వెళ్ళిపోయాయి.

వెలుతురుంటే బయటికి రావవి. అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక కొట్టు తలుపు దించేసి, తొట్టె దీపం ఆర్పేసేవాళ్ళం. అత్తయ్య కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చునేవారు. నాకేం పని, నేనూ కూర్చునేవాణ్ణి. తలుపు సందుల్లోంచి వచ్చే వెలుగు నీళ్ళ మీద పడి పైకప్పు మీద కదిలేది. గోడ నిండా ఉన్న కళ్ళజోళ్ళలో ఆ కదలికే, అత్తయ్య నెరిసిన జుట్టు మీదా అదే. మోటారు ఒక్కటే గుర్రు పెడుతుండేది. మేమిద్దరం నీళ్ళ అడుగున కూర్చున్నామో, నీళ్ళే గదిలోకి వచ్చి కూర్చున్నాయో తెలిసేది కాదు. ఎప్పటికో ఒక నత్త రాయి అంచున కనిపించేది. కలుపు దగ్గరికి వచ్చి ఆగేది. తొందరేమీ లేదు దానికి. కలుపు రేకలు ముడుచుకునేది, నత్త ఇంకొంచెం జరిగేది. మా కళ్ళు మూతలు పడేవి. తెరిచేసరికి అక్కడ కాడలో సగమే ఉండేది.

"ఆ కలుపులో విషముంటుంది కదా బాబూ," అన్నారొకసారి సగం నిద్రలో. "నత్త దాన్ని మింగి అరిగించుకోదు. అలాగే తీసుకెళ్ళి వీపు మీద పీచులో దాచుకుంటుంది. ఎవరైనా మీదికొస్తే అదే విషంతో కుడుతుందిట. నేనూ ఎన్నిళ్ళలో ఎన్ని మాటలు మింగానో. ఎవర్నీ కుట్టింది లేదనుకోండి. వీపు నొప్పి మాత్రం మిగిలింది."

నేను నవ్వాను. ఆవిడ కూడా నవ్వారు. కానీ ఆ వీపు నొప్పి ఎలా వచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆవిడ ఒంటరిగా ఉండేది మూడో అంతస్తులో. ఆ మెట్ల పక్క కమ్మీ ఊడిపోయి చాలా కాలమైంది. కిందటి చలికాలం ఆ మెట్ల మీదే పడిపోయారు. పాలవాడు వచ్చి చూసేదాకా అక్కడే పడున్నారు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోతుంది.

"ఏవండీ, అమ్మని ఇక్కడే ఉండిపొమ్మని మీరడగండి. నేనడిగితే కొట్టిపారేస్తుంది," అంది.

అడిగాను. "పనున్నంతవరకే బాబూ. పని లేని మనిషి ఇంట్లో ఉంటే కాళ్ళకి అడ్డం పడ్డ పీటే. కలుపు అయిపోగానే వెళ్ళిపోతాను," అన్నారు ఆవిడ, నీళ్ళలోంచి చూపు తిప్పకుండా. నాకు చుర్రుమంది. మీ ఇష్టం అనేసి ఊరుకున్నాను. మా ఆవిడ ఆ రోజు నాకు అన్నం వడ్డించి కూర మర్చిపోయింది. కావాలనే మర్చిపోయింది.

కలుపు తగ్గుతూ వచ్చింది. పగడం ఒక వేలు విప్పింది, ఇంకో వేలు విప్పింది. ఒకనాడు పొద్దున పూర్తిగా విచ్చుకుంది. నేను టార్చి వేసి రాయి రాయీ వెతికి, "పీడ విరగడైంది! ఒక్కటంటే ఒక్కటి లేదు!" అని కేకపెట్టాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. అప్పటికే అత్తయ్య దుప్పటి మడతపెడుతున్నారు.

"మరి నత్తలు?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా.

"తిండి ఉన్న ఇల్లు చూడాలి వీటికి. ఏరు దాటాక తెప్ప తగలేస్తామా ఏంటి?" అన్నారు.

వంటింట్లో గిన్నెలు మోగాయి.

మర్నాడు పొద్దున దీపం వేస్తే ముందు రాయి మీద ఒక కలుపు నిలబడి ఉంది. నిన్న టార్చి వేసి చూసిన రాయే! "అయ్యో, ఒకటి మిగిలినట్టుందే," అని అత్తయ్య దుప్పటి మళ్ళీ పరిచారు. దాన్ని నత్తలు తినేశాయి. మళ్ళీ మడత. మళ్ళీ ఇంకో కలుపు. ఇది ఇలా జరుగుతూనే ఉంది. కనిపించినప్పుడల్లా దాని వంశాన్ని మొత్తం తిట్టిపోసేవాణ్ణి. నిజం మాత్రం వేరు. అది కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇంకో నాలుగు రోజులు ఆవిడ ఆ మెట్లెక్కక్కర్లేదు.

కానీ కంట్లో నలుసు సంగతి తేలకపోతే నాకు నిద్రపట్టదు. తల్లీకూతుళ్ళు బజారుకెళ్ళిన పూట చొక్కా చెయ్యి పైకి మడిచి, తొట్టె వెనక రాళ్ళ మధ్య తడిమాను. మెత్తగా ఏదో తగిలింది. పైకి తీస్తే దారంతో కట్టిన నైలాన్ గుడ్డ మూట. విప్పాను. లోపల చిన్న రాయి, దాని నిండా కలుపు. బలంగా, నిగనిగలాడుతూ, ముద్దుగా పెంచినట్టుంది. నత్త దూరలేదు, నీళ్ళు మాత్రం ఆడతాయి. ఓరి దేవుడా, ఇంట్లోనే ఉందా దొంగ!

మా ఆవిడే అనుకున్నాను. దాని పని చెప్పాలని దారం చేతిలోకి తీసుకుంటే, విప్పిన ముడి ఆనవాలు ఇంకా అందులో ఉంది. పక్కకి తెచ్చి పల్చగా నొక్కిన ముడి. నా బొటనవేలి మీద మానిన గీత చూసుకున్నాను.

ఎంతమంది కాళ్ళు పట్టుకుని ఉండమన్నా వెనక్కి తిరిగి చూడని మనిషి. ఉంటానని నోరు తెరిచి ఒక్క మాట అనడం రాక, మూటకట్టి దాచుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. ఎవరూ లేరు కనక తుడుచుకోలేదు.

మూట మళ్ళీ కట్టబోయాను. ఆవగింజంత మరలు బిగించే వేళ్ళు ఇవి. ఆ ముడి మాత్రం రాలేదు. చివరికి ఉండలా ఏదో చుట్టి వెనక్కి తోసేశాను. వాళ్ళు వచ్చేసరికి, "దీని దుంప తెగ, మళ్ళీ మొలుస్తుందేమో చూడాలత్తయ్యా!" అని గట్టిగా తిట్టాను. అత్తయ్య నా తడిసిన చొక్కా చేతి వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు దించి, దీపం ఆర్పాను. కుర్చీలో కునుకు పట్టింది. నీళ్ళ చప్పుడుకి కళ్ళు తెరిస్తే అత్తయ్య తొట్టె పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో మూట, మోచేతి దాకా నీళ్ళు కారుతున్నాయి. పైకప్పు మీద వెలుగు కదులుతోంది. కల అనుకుందామంటే ఆవిడ మాట్లాడారు.

"ఇది మీ ముడేనా?"

నేను కుర్చీలోంచి లేచాను.

"ఇలాంటి కట్టు కడితే రోగి లేచి మనల్నే కొడతాడు. చెయ్యి ఇలా ఇవ్వండి."

ఇచ్చాను. నా బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి, దారం మెల్లగా తిప్పుతూ చూపించారు. ఆవిడ వేళ్ళు చల్లగా ఉన్నాయి. "గట్టిగా ఉండాలి, కానీ ఒత్తుకోకూడదు. వెళ్ళే రోజున ఒక్క లాగుకి విడిపోవాలి."

"విడిపోవడం ఎందుకత్తయ్యా?" అన్నాను. "ఉండిపోండి."

"పని లేకుండానా?"

"నాకు ముడి రావట్లేదుగా. నేర్పాలిగా మీరు. నేను మొద్దుని, చాలా కాలం పడుతుంది."

"పడుతుంది పడుతుంది, చూస్తూనే ఉన్నాను," అన్నారు. నవ్వబోయి, నవ్వు కుదరక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఒక నత్త రాయి అంచు ఎక్కి కొమ్ములు అటూ ఇటూ ఆడించింది. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం మా ఆవిడ బట్టలు సర్దుదామని బీరువా తెరిచి, తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఏమైందని వెళ్ళి చూశాను. మా దుప్పట్ల మధ్యలో అత్తయ్య నీలం దుప్పటి ఉంది.